గడప చెక్క

ధరణీ,

మీ నాన్న పోయిన రోజున, ఈ కిచెనర్ ఊళ్ళో మన ఇంటికని ఆయన చేస్తున్న గడప సగం నునుపుతో ఆగిపోయింది. మిగతాది ఈరోజు నువ్వు చేస్తానన్నావు. బయట మంచున్నా గరాజ్ తలుపు తెరిచే ఉంచు. మాస్క్, కళ్ళకు అద్దాలు పెట్టుకో, చున్నీ తీసెయ్యి. చెక్క రుద్దే సాండర్‌ మిషన్‌కు ముందు అరవై నంబర్ గరుకు బెల్ట్, తర్వాత ఇంకాస్త సన్నది, ఎనభై. ప్లగ్ తీశాకే బెల్ట్ మార్చు. ఆన్ చేశాకే చెక్కకు ఆనించి, రెండు చేతులతో చారల వెంట నడిపించు, ఒకచోట ఆపకు. ఎనభై దాటి వెళ్ళకు. "అద్దంలా చేస్తే పసుపు నిలవదు టీచరమ్మా" అనేవారు నాతో మీ నాన్న. అక్కడ ఎండ పడితే ఆయన లేపిన చెక్కపొడి ఇంకా గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది నాకు.

స్కూలుకు వెళ్తున్నా. అన్నం కుక్కర్‌లో ఉంది.

మీ పెద్దత్త ఫోన్ చేసి, "గడపకు పసుపు నువ్వు రాయకమ్మా, పిల్లతో రాయించు" అన్నది. నేనే రాస్తానని ఆవిడకు ఇంకా చెప్పలేదు.