తెంపిన ఎర్తు వైరు

రవీ, కొడుకా,

తానం చేసొచ్చి తడి చేతులతోని నీ హోంథియేటర్ ముట్టి నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. నీ చెల్లె దాన్ని మళ్ల మోగించాలని కోరుట్ల నుంచి మెకానిక్‌ను పిలిపిచ్చింది.

ఆయన ప్లగ్గు ఇప్పి, "ఎర్తు వైరు ఎవలు తెంపిండ్రమ్మా?" అన్నడు. మళ్ల ఆయనే చెప్పిండు: "గుయ్యిమని మోత రావద్దని అందరు గిట్లనే తెంపుతరు. మోత పోతది గని, డబ్బాకు కరెంటొస్తే మనిషిని పట్టుకుంటది."

గా ముచ్చట మాకు ఏడాది కిందనే తెలిసింది.

ఆయన కొత్త వైరు ఏసిండు. మళ్ల గుయ్యిమన్నది. అప్పుడు టీవీ ప్లగ్గు, దీని ప్లగ్గు ఒక్క బోర్డుకే పెట్టిండు. మోత ఆగింది. ఆయనకు పోసిన చాయ ఇంకా చల్లారలే.

గింతే పని కొడుకా.

"చెవుల తుమ్మెద దూరినట్టున్నది, దాన్ని బయట పారేయ్" అని రోజు నీ మీద పడ్డది నేనే. నువ్వు కత్తెరతోని వైరు తెంపి మోత ఆపిన దినం, "ఇప్పుడు మంచిగున్నది బాంచెన్" అని నవ్వి, నీకు సర్వపిండి చేసి పెట్టింది గూడ నేనే.

మీ అమ్మ