వలకి ఇవతలి సగం

నేను స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలిని. వయసు ఇరవై ఆరు. ఊపిరితిత్తుల నిండా దూది దుమ్మే. ఎల్లుండి ఆపరేషన్. లేస్తానో లేదో డాక్టరే గట్టిగా చెప్పలేకపోయాడు. ఒళ్లు చెడింది గానీ మతి చెడలేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించడం లేదు. కోపంతో రాస్తున్న మాట నిజమే. కోపాన్ని పిచ్చి కింద జమకట్టవద్దని మనవి.

1. నాన్న నుంచి నాకు సంక్రమించిన, బడి వెనక ఖాళీ స్థలం గురించి. ఆ బడి టీచరమ్మ వేసిన టెన్నిస్ కోర్టు సగం బడి స్థలంలో, సగం మా స్థలంలో పడింది. సరిగ్గా సరిహద్దు మీదే వల కట్టింది. "ఆడుకోనివ్వండమ్మా, నేలేం అరిగిపోదు" అన్నాడు నాన్న. మిల్లు వాడ పిల్లలం ఒట్టికాళ్లతో ఆడాం. పాత రాకెట్లకి తీగలు ఆవిడే బిగించేది, వేళ్లు కోసుకుపోయినా.

తర్వాత బడి కమిటీ, ఫీజు కట్టినవాళ్లకే ఆట అంది. వల పీకేసి అక్కడే ఇనప కంచె వేయించి గేటుకి తాళం కొట్టింది. టీచరమ్మ ఉద్యోగం మానేసి ఇవతలికి వచ్చేసింది. మిగిలిన సగంలోనే, కంచెకేసి కొట్టిస్తూ ఆట నేర్పింది.

ఒక ఎండాకాలం అక్కడే కుప్పకూలింది. గేటు తీస్తే బడిలోంచి నేరుగా ఎదుటి ఆస్పత్రికే. కమిటీ చెప్పందే తియ్యనన్నాడు వాచ్‌మన్. మంచం మీద వేసుకుని వాడంతా చుట్టి మోసుకెళ్లాం. దారిలోనే పోయింది.

ఇప్పుడు అదే కమిటీ ఆవిడ పేరున స్టేడియం కడుతుందట, నా సగం అమ్మాలట. అమ్మను. నా తదనంతరం ఆ స్థలం సర్వహక్కులతో కుట్టుమిషన్ పిన్నికి చెందాలి. వాడ పిల్లల్ని ఇప్పుడు అక్కడ ఆడించేది ఆమే.

2. మా అన్నయ్యకి నాన్న చేతిగడియారం, నా సైకిలు. స్థలంలో చిటికెడు మన్ను కూడా లేదు. కమిటీవాళ్ల టీ తాగొచ్చి, "పోయినావిడ పేరు నిలబడుతుంది కదే" అన్నాడు. టీచరమ్మని మోసిన పూట మంచానికి ఒక కోడు పట్టింది నువ్వే అన్నయ్యా. ఎలా అనగలిగావు? అయినా గడియారం జాగ్రత్తగా వాడుకో, రోజూ కీ ఇవ్వాలి.

3. వాచ్‌మన్ బాబాయికి, నా సామాను పెట్టెలో ఉన్న తాళాలు కోసే కత్తెర. ఇకమీదట ఎవర్నీ అడగనక్కర్లేదు.

4. టీచరమ్మ రాకెట్ పిన్ని చిన్నకూతురికి. పిడికి చుట్టిన గుడ్డ ఆవిడ చెమటతో నల్లబడింది. దాన్ని మార్చొద్దు తల్లీ.

5. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత మా యూనియన్ సెక్రటరీది. ఒక్క మాట. మా ఆటకి అంపైర్ ఉండేవాడు కాదు. బంతి గీత లోపలా బయటా అని అనుమానం వస్తే, పాయింటు అవతలివాళ్లకి ఇచ్చెయ్యమని టీచరమ్మ నేర్పింది. అలా ఇచ్చీ ఇచ్చీ కంచె దాకా వచ్చాం. ఇందులో ఏ మాట మీద ఎవరికి అనుమానం వచ్చినా సరే, అవతలివాళ్లకి ఇవ్వకూడదు. క్షమించండి టీచరమ్మా, ఈ ఒక్కటీ మీరు చెప్పినట్టు చెయ్యను.

తేదీ: ఈ నెల పద్నాలుగు, బుధవారం, ఆస్పత్రి ఆడవాళ్ల వార్డు.

సంతకం: ఎడంచేతి పిల్ల (ఆ పేరు టీచరమ్మ పెట్టిందే)

సాక్షులు:
పక్క మంచం మామ్మ (వేలిముద్ర)
పగటి డ్యూటీ నర్సు