ఆయనకు ఇష్టమైన పాట

తిరువూరు, శుక్రవారం

ఆయన పోయాక ఆయన ఫోన్ తెరవడం ఇదే మొదలు. ఆయన రోజూ వినే పాత ఇంగ్లీషు రాక్ ఆల్బమ్‌ను కొత్తగా మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేశారట. ఆ పాటల అభిమానుల వాట్సాప్ గ్రూపులో కొందరు డ్రమ్స్ అదిరాయంటున్నారు, కొందరు పాడుచేశారంటున్నారు.

"రాజుగారూ, విన్నారా? మీరేమంటారండీ?" అని ఒకరు అడిగారు.

ఆయన లేరని, నేను ఆయన భార్యనని రాశాను. ఆ వెంటనే, "ఆయనకు అందులో ఏ పాట ఇష్టమండీ?" అని అడిగాను.

అందరూ ఒకే పాట పేరు చెప్పారు. ముక్కూమొహం తెలియని వాళ్ళు!

ఆయన ఎ.కొండూరు బడిలో పాఠాలు చెప్పి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవారు. నాకేం వినిపిస్తుంది? అదంతా గోలే అనుకున్నాను.

ఇందాక ఆ పాట పెట్టుకుని విన్నాను. ఇంత నెమ్మదిగా ఉంటుందనుకోలేదు.