కర్నల్ గారి డీజిల్

మార్చి 4

ప్రియమైన పూజితా,

ఇక్కడ ఫోన్లు గేటు దగ్గరే లాక్కుని చదువుతున్నారు, అందుకే కాగితం పట్టాను. మా షర్టులు కొనే అమెరికా కంపెనీ మనిషి చేతికిచ్చి పంపుతున్నా. సైన్యం గద్దెనెక్కాక ఈ దేశంలో కరెంటు రోజుకి ఆరు గంటలే. జనరేటర్‌కి డీజిల్ ఈ ఊరిని ఏలుతున్న కర్నల్ గారి బామ్మర్ది దగ్గరే కొనాలి, లేదంటే లైసెన్స్ ఊడుతుంది. మొన్నటి ట్యాంకర్‌లో సగం నీళ్ళే. "ఈ డీజిల్‌లో చేపలు పెంచుకోవచ్చు" అని నేనంటే ఫ్యాక్టరీ అంతా పడీ పడీ నవ్వింది. మా ముసలి మెకానిక్‌కైతే ఇప్పటికీ అదే పాట.

మీ ఫండ్ నేను మేనేజర్‌గా ఉన్న ఈ ఫ్యాక్టరీలో పెట్టుబడి పెట్టాలని చూస్తోందటగా! ఓ మంచి మాట వెయ్యవే. ఆరువందల మంది ఆడపిల్లలు నన్ను నమ్ముకుని ఇక్కడ కుట్టుపని చేస్తున్నారు. బయటి డబ్బు వస్తే కర్నల్ కాస్త వెనక్కి తగ్గుతాడు.

గుంటూరు హాస్టల్‌లో నీ నెయ్యి డబ్బా ఖాళీ చేసిన
దుర్గ

ప్లెయిన్స్‌బరో, అమెరికా, మార్చి 29

ప్రియమైన దుర్గా,

నీ చేపల జోక్ రైల్లో చదివి పక్కవాళ్ళు తిరిగి చూసేలా నవ్వాను. ఇంకా రాయి. మీ కంపెనీ బోర్డులో సైన్యం మనుషులు ఎందరు, కస్టమ్స్‌లో ఎవరి చేతులు తడపాలి, ఒక్క ముక్క వదలకు. మా మేనేజర్‌కి గూగుల్‌లో దొరకని సంగతులు కావాలి. నా హెచ్‌1బి ఈ ఏడాదితో ఆఖరు. ఈ రిపోర్ట్ క్లిక్ అయితే గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తామన్నారు. భయపడకు, నీ పేరు ఎక్కడా రాదు. మంచి మాట సంగతి నాకు వదిలెయ్.

నెయ్యి దొంగని మర్చిపోని
పూజిత

ప్లెయిన్స్‌బరో, జూలై 18

ప్రియమైన దుర్గా,

మే తర్వాత నీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం లేదు. డీల్ క్యాన్సిల్ అయింది. సైన్యం చెప్పినట్టు నడిచే చోట డబ్బు పెట్టలేమని కమిటీ తేల్చేసింది. నేను మంచి మాటే వేశాను, వినలేదు. నా చేతిలో ఏముంది చెప్పు? నా గ్రీన్‌కార్డ్ మాత్రం ఫైల్ చేశారు. నాలుగు ముక్కలు రాయవే.

ఎప్పటికీ నీ
పూజిత

సెప్టెంబర్ 9

పూజితా,

షర్టుల కంపెనీ మనిషి ఆఖరిసారి వచ్చాడు. అతని చేతే ఇది పంపుతున్నా.

నువ్వు వేసిన మంచి మాట నేనూ విన్నాను. జూన్‌లో కర్నల్ వచ్చి, అందర్నీ షెడ్‌లో నిలబెట్టి, ఇక్కడ డబ్బు ఎందుకు పెట్టడం లేదో చెబుతూ మీ ఫండ్ వెబ్‌సైట్‌లో పెట్టిన రిపోర్ట్‌ని ఇక్కడి భాషలో చదివించాడు. ఈ డీజిల్‌లో చేపలు పెంచుకోవచ్చని ఒక స్థానిక మేనేజర్ చెప్పారట.

"ఎవరన్నారిది?" అన్నాడు.

అందరికీ తెలుసు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ముసలి మెకానిక్ ముందుకొచ్చి "నేనే అన్నానయ్యా" అన్నాడు. అతను మేనేజర్ కాదని కర్నల్‌కీ తెలుసు. కానీ ఎవరో ఒకరు కావాలి కదా, జీపెక్కించుకుపోయాడు. ఇంతవరకూ తిరిగి రాలేదు. అతని భార్య రోజూ గేటు దగ్గరకొచ్చి నన్నే అడుగుతోంది.

మీరు వెనక్కి తగ్గారని మిగతా విదేశీ కంపెనీలూ పోయాయి. ఫ్యాక్టరీని కర్నల్ బామ్మర్ది తుక్కు రేటుకి కొట్టేసి, సగం మంది ఆడపిల్లల్ని ఇంటికి పంపేశాడు.

నువ్వు రిపోర్ట్‌లో రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం నాకు రాసిన ఉత్తరంలోనే ఉంది. నిన్ను తిడదామని కూర్చున్నాను. కానీ ఆ రోజు నేనూ నోరు మూసుకునే నిలబడ్డాను.

ఇంక నాకు రాయకు.

ఇట్లు,
ఒక స్థానిక మేనేజర్