తోట దుప్పటి

జూన్ 4

నాన్నా,

ముందు కూర్చో, తరవాత చదువు. ద్రాక్ష కోతలు కాగానే నేను మనింటికి వచ్చేస్తున్నాను. పెళ్లయి ఏడాదైనా కాలేదని అమ్మ గుండె బాదుకుంటుంది కాబట్టి, ఈ సంగతి నీ ఒక్కడికే రాస్తున్నాను.

తప్పు నాదే. కాని సగం నీది కూడా. బంగాళాదుంప చేలో రాయి కనిపిస్తే గట్టు మీదికి విసిరెయ్యమని నడక వచ్చినప్పటి నుంచీ నేర్పింది నువ్వే కదా! ఇక్కడ మోజెల్ నది ఒడ్డున కొండ నిట్టనిలువుగా ఉంటుంది. దాని మీద మా ద్రాక్షతోట, తోటంతా నల్లటి పలకరాళ్లు. మట్టిని వెతుక్కోవాలి. మామగారు ఊరెళ్లి వచ్చేలోగా మెప్పు కొట్టేద్దామని, నాలుగు రోజులు నడుం విరిగేలా మూడు వరసల్లో రాళ్లన్నీ ఏరి కిందికి దొర్లించాను. రోడ్డు వేసేవాళ్లు సంతోషంగా బండ్లకెత్తుకుపోయారు. మామగారు వచ్చి చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "ఎంత పని చేశావమ్మా! ఈ చలిదేశంలో మనకి దొరికేదే చారెడు ఎండ. దాన్ని పగలంతా దాచుకుని, రాత్రి తీగలకిచ్చేవి ఆ రాళ్లే. నా తోట దుప్పటి లాగేశావు" అన్నారు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. రొట్టెల కొట్టు దగ్గర ఊళ్లోవాళ్లేమో, "దుంపల పిల్ల వస్తోంది, రాళ్లు దాచుకోండర్రా!" అంటున్నారు. అది విని మా ఆయన అలోయిస్ కూడా నవ్వాడు. అందుకే వచ్చేస్తున్నాను.

నీ వీబ్కె

నవంబరు 11

నాన్నా,

పెట్టె సర్దలేదు. సర్దను కూడా. ఈ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, ముసలివాళ్లు కూడా అలాంటివి ఎరగరట. పలకరాయి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. ద్రాక్షంతా తేనెలా పండింది. ఊరంతా పండగ చేసుకుని, తీరా రసం రుచి చూసి మొహాలు వేలాడేసుకున్నారు. మా రీస్లింగ్ వైన్‌కి పులుపే ప్రాణం నాన్నా. ఆ పులుపే లేదు. అప్పుడు మామగారు నా మూడు వరసల్లోకి వెళ్లి ఒక పండు కొరికారు. మొహం అష్టవంకర్లు పోయింది. ఇంకోటి కొరికి, గట్టిగా నవ్వారు. రాత్రిళ్లు వెచ్చబెట్టే రాళ్లు లేక, ఆ వరసల్లో పులుపు పులుపులాగే ఉంది! ఆ కాయ విడిగా కోయించి, ఆ రసం మా పెద్ద పీపాలో కలిపారు, రుచి కుదిరింది. ఎప్పుడూ ఇంటి పెద్ద తాగే మొదటి గ్లాసు నా చేతికిచ్చి, "తాగు కోడలా. అయినా చేసింది తప్పే సుమా! ఇలాంటి ఎండ మళ్లీ నా జన్మలో రాదు. చలికాలంలో కొత్త రాళ్లు మోసుకొద్దాం, నువ్వో బుట్ట, నేనో బుట్ట" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అలోయిస్‌ని కూడా నిలదీశాను. "ఆ మాట విని పక్కనున్న మా నాన్న మొహం ఎలా అయిందో చూశాక, భయంతో ఏం చెయ్యాలో తెలీక నవ్వానే" అన్నాడు. నా వీపుకి సరిపోయే బుట్ట తనే అల్లుతున్నాడు.

క్రిస్మస్‌కి నువ్వూ అమ్మా తప్పకుండా రండి. ఒక్కటే ప్రార్థన. తోటలో తిరిగేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకో నాన్నా!

నీ దుంపల పిల్ల,
వీబ్కె