డాక్టరమ్మకు చెప్పని అలవాటు

పెద్దోడికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న కొత్త కళ్లజోడు పెట్టుకుని రోజంతా నా కుట్టులో వంకలు వెతుకుతున్నారు. వచ్చే మంగళవారం కొత్త పన్ను కోసం నీ దవడలోనూ నాకు వేసినట్టే ఇంప్లాంట్ మర బిగిస్తారని రాశావు. ఈ ఉత్తరం ఆలోపే అందాలని కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి రాస్తున్నాను.

నొప్పి ఉంటుందా అని అడిగావు. మత్తుసూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. ఆ తర్వాత దవడ అదిరినట్టు తెలుస్తుందే గాని నొప్పి తెలియదు. పాత పన్ను పీకించుకున్నప్పుడే నేను ఎక్కువ గోల చేశాను. మూడు రోజులు బుగ్గ వాచింది. "ఎవరితో పోట్లాడి వచ్చావు?" అంటూ మీ నాన్న ఒకటే ఆటపట్టించారు. మెత్తటివి తిని, ఇచ్చిన మందులు వేళకు వేసుకుంటే తగ్గిపోతుంది.

అదే రోజు పన్ను పెట్టి పంపిస్తారా అనీ అడిగావు. ఎముక ఆ మరను గట్టిగా పట్టుకోవడానికి నెలలు పడుతుందిరా. నాకు నాలుగు నెలలన్నారు. అసలు పన్ను ఆ తర్వాతే. నాది ముందు పన్ను కదా, బోసిగా కనిపించకుండా ఈలోగా ఆ మర మీదే ఉత్తుత్తి పన్నొకటి అమర్చారు. "ఇది నవ్వడానికేనమ్మా, కొరకడానికి కాదు" అంది డాక్టరమ్మ.

ఇక నీ దగ్గర దాచిన సంగతి. నా పన్ను బ్రహ్మాండంగా ఉందని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం. ఆ మర నిలవలేదు.

మొదటిరోజే ఆవిడ అడిగింది, "పళ్లతో ఏమైనా కొరికే అలవాటుందామ్మా? గోళ్లూ, పెన్నులూ?" అని. "అబ్బే, లేదండీ" అనేశాను. ముప్పై ఏళ్లుగా దారం పళ్లతోనే తెంపుతున్నాను. అది అలవాటని నాకు తోచనే లేదు, పని అనుకున్నాను. మర బిగించిన రెండో వారం కుట్టుమిషన్ ముందు కూర్చోగానే మళ్లీ మొదలుపెట్టాను. మూడో నెలలో ఆ ఉత్తుత్తి పన్ను మరతో సహా కదిలింది. అప్పుడైనా వెళ్లానా? సిగ్గుతో ఇంకో మూడు వారాలు నోరు మూసుకున్నాను. చివరికి మర తీసేశారు. ఎముక మానాక మళ్లీ మొదటికి రావాలి. డాక్టరమ్మ తిట్టలేదు. "ముందే చెబితే కత్తెర నీ మెడలో కట్టి పంపేదాన్ని కదమ్మా" అంది. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ దర్జీలే లేనట్టు చిరిగిన జేబులు కుట్టమని మూడు చొక్కాలు పంపావు కదా. కుట్లు విప్పితే మూడింట్లోనూ సిగరెట్ పొగాకు రాలింది. మానేశానని నాతో అన్నావు. పొగ తాగితే గాయం సరిగా మానదనీ, మర నిలవకపోవచ్చనీ డాక్టరమ్మ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. మీ డాక్టరూ అడుగుతారు. నువ్వూ "అబ్బే, లేదండీ" అంటావని నా భయం. నాకు కోపం లేదు నాన్నా, ఒట్టు. చెప్పడానికి నోరు రాకపోతే ఈ ఉత్తరమే ఆయన చేతిలో పెట్టు. నా అబద్ధం కూడా చదివితే చదవనీ.

ఇట్లు,
నిన్ను తిట్టడానికి మొహం చెల్లని
మీ అమ్మ