మూడో ఫ్లాట్ కోసం

జూన్ 3, మంగళవారం

రోజువారీ అద్దెకు ఇచ్చే ఫ్లాట్లు నాకు రెండున్నాయి. రెండూ నావి కావు. ఓనర్ల దగ్గర నెల అద్దెకు తీసుకుని, యాప్‌లో పెట్టి, వచ్చిపోయే గెస్టులకు ఇస్తాను. ఇప్పుడు మూడోది కావాలి. పాత బ్రోకర్ మానేశాడు, కొత్త ఆఫీసు వెతుక్కోవాలి.

ఈ రోజు రెండు చూశాను. మొదటి ఆఫీసు మేడమ్, ఇల్లు దేనికో ఓనర్‌కు మొదటి ఫోన్‌లోనే చెప్పేస్తానంది, వద్దంటే బతిమాలననీ అంది. ఆమెకు ఉన్నదున్నట్టు మేడమ్ అని పేరు పెట్టుకున్నాను. రెండో ఆఫీసులో కాఫీ ఇచ్చారు. అక్కడి బ్రోకర్, ఓనర్లకి అన్నీ చెప్తూ కూర్చుంటే ఇక ఇళ్ళెక్కణ్ణించి తెస్తాం తమ్ముడూ అని భుజం తట్టాడు. అరచేతిలో వైకుంఠం చూపించే రకం. తెలిసీ నచ్చాడు.

జూన్ 11

మేడమ్ నలుగురు ఓనర్లను అడిగింది. నలుగురూ నో. ఐదోవాళ్ళు ఒప్పుకుంటారేమో, ఓపిక పట్టండి అంది. ఓపికే ఉంటే ఈ వ్యాపారంలోకి ఎందుకొస్తాను?

జూన్ 12

ఇల్లు వెతికిపెట్టమని కాఫీ ఇచ్చినాయన దగ్గరే సంతకం పెట్టాను.

జూన్ 15, ఆదివారం. సాయంత్రం ఆరు

రెండు బెడ్‌రూములు, మంచి గాలి. ఓనర్ రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఫ్యామిలీకే ఇస్తారట. ఎవరినైనా వెంటబెట్టుకుని రా, చిటికెలో పని అన్నాడు బ్రోకర్. అక్కనూ బావనూ పాపనూ తీసుకెళ్ళాను. ఇల్లు చూడ్డానికి తోడు రమ్మన్నాను, అంతే. వాళ్ళుండేది ఒకటే గది. పాప వంటగట్టు పక్కన నేల మీద కూర్చుని హోంవర్క్ చేస్తుంది.

వీళ్ళేనండీ ఉండబోయేది అని బ్రోకర్ మాస్టారితో అనేశాడు. అక్క నా వైపు చూసింది. కాదనడానికి ఒక్క మాట చాలు. నేను నవ్వాను.

అక్క కళ్ళు తుడుచుకుంది. బావ కుళాయిలన్నీ తిప్పి చూశాడు. నీ గదికి ఏ రంగు వేయించమంటావని మాస్టారు పాపను అడిగారు. పసుపు అంది.

బస్సులో అక్క, మాకోసం ఇంత తిరుగుతూ ఒక్క మాటైనా చెప్పలేదేంట్రా అంది. అద్దె మేమే కట్టుకుంటాం, అందులో మాత్రం నువ్వు తలదూర్చకు అని బావ. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

జూన్ 16

చెప్పాలి.

జూన్ 17

చెప్పలేదు. అక్క షాపుల్లో అట్టపెట్టెలు అడిగి తెచ్చుకుంటోందట.

జూన్ 20

ఇల్లు ఇంకెవరికో ఇచ్చేశారని అక్కకు ఫోన్ చేసి అబద్ధమాడాను. పోనీలేరా, నువ్వు మనసు పాడు చేసుకోకు అని నన్నే ఓదార్చింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం వెళ్ళి, నా పేరున అగ్రిమెంట్ రాసుకుని తాళాలు తీసుకున్నాను. సిగ్గు లేదా నీకు అంటే, ఉంది. ఉండి ఏం లాభం? తాళాలు జేబులోనే ఉన్నాయి.

చిన్న గదికి పసుపు రంగు వేయించారు మాస్టారు. అక్కావాళ్ళు ఎప్పుడు దిగుతారని అడిగారు. వచ్చే వారం అన్నాను.

జూన్ 24

యాప్‌లో ఫోటోలు పెట్టాను. అన్నిటికంటే ముందు పసుపు గదిది. అదే బాగా వచ్చింది మరి. ఛీ.

జూలై 2

మాస్టారు పాప కోసం రంగు పెన్సిళ్ళు పట్టుకుని ఫ్లాట్‌కు వెళ్ళారట. ఎవరో గెస్టు తలుపు తీశాడు. ఆయన నాకు ఫోన్ చేయలేదు. ఆ ఆదివారం తీసుకున్న నంబరు ఉంది కదా, అక్కకు చేశారు. ఇదంతా బావ మెసేజ్ పెట్టాడు. చివర, మాకు ముందే చెప్తే నీకోసం ఊరికే వచ్చి నిలబడేవాళ్ళం కదా అన్నాడు.

బ్రోకర్‌కు చేశాను. అగ్రిమెంట్‌లో ఫ్యామిలీ అన్న ముక్కే లేదు, ఆయనేం చేయలేడు, హాయిగా ఉండు అన్నాడు. అక్కకు మాత్రం చేయలేకపోయాను. ఏం మొహం పెట్టుకుని చేయను?

జూలై 9

పసుపు గది ఫ్లాట్‌కు శనివారానికి బుకింగ్ వచ్చింది. ఒక రాత్రి. ఇద్దరు పెద్దలు, ఒక పాప. పేరు అక్కది. డబ్బు ముందే కట్టేసింది. హోస్ట్‌కు మెసేజ్ అన్నచోట రాసింది: నమస్తే అండీ. మేం ముగ్గురమే వస్తాం. ఇల్లు శుభ్రంగా అప్పజెప్పి వెళ్తాం.